సమర్‌కంద్‌లోనే చేరదీశారు, సమర్‌కంద్‌లోనే చెయ్యి వదిలేశారు: టర్కిక్ దేశాలు ఎందుకు ఒక్కటి కాలేకపోతున్నాయి?

తుంగభద్ర (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఒకటి మీ ముందు పెడుతున్నాను.

2022 నవంబర్‌లో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కంద్‌లో టర్కిక్ దేశాల సంస్థ శిఖరాగ్ర సమావేశం జరిగింది. ఒకే కుటుంబానికి చెందిన టర్కిక్ భాషలు మాట్లాడే టర్కీ, అజర్‌బైజాన్, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్ ఇందులో సభ్యులు. ఉత్తర సైప్రస్‌ను అక్కడే పరిశీలక హోదాలో చేర్చుకున్నారు. ఆ ప్రాంతాన్ని దేశంగా గుర్తించింది ప్రపంచం మొత్తంలో టర్కీ ఒక్కటే. కాబట్టి టర్కీకి అది చాలా పెద్ద విజయం.

2025 ఏప్రిల్‌లో అదే సమర్‌కంద్‌లో ఐదు మధ్య ఆసియా దేశాలు యూరోపియన్ యూనియన్‌తో కలిసి కూర్చున్నాయి. చివర్లో వచ్చిన సంయుక్త ప్రకటనలో భద్రతా మండలి 541, 550 తీర్మానాలకు కట్టుబడి ఉంటామని ఉంది. 1983 నాటి ఆ 541వ తీర్మానం చెప్పేది ఒకటే: ఉత్తర సైప్రస్ స్వాతంత్ర్య ప్రకటన చెల్లదు, దాన్ని ఏ దేశమూ గుర్తించవద్దు. అదే రోజుల్లో కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దక్షిణాన ఉన్న సైప్రస్ రిపబ్లిక్‌కు రాయబారులను కూడా నియమించాయి.

"మనమంతా ఒకే జాతి, ఒకే కుటుంబం" అని ఏటా చేతులు పట్టుకుని ఫొటో దిగే దేశాలు ఇవి. రెండున్నరేళ్లు తిరగకముందే ఇలా ఎందుకు జరిగింది? నాకు ఆ ప్రాంతమంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. అందుకే ఇది బాధగానే అడుగుతున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.


గోదారి గట్టు:

ఆ సమావేశంలోనే యూరోపియన్ యూనియన్ 1,200 కోట్ల యూరోల ప్యాకేజీ ప్రకటించింది. రోడ్లు, ఖనిజాలు, ఇంటర్నెట్, నీరు, కరెంటు. టర్కిక్ దేశాలు కలిసి పెట్టుకున్న పెట్టుబడి నిధి మూలధనం మొదట్లో 50 కోట్ల డాలర్లు. ఎటు మొగ్గుతారో ఈ లెక్కే చెబుతోంది కదా తుంగభద్ర గారూ.


సిరాచుక్క:

గట్టు గారూ, డబ్బు సంగతి నిజమే, కానీ కథ అంతటితో అయిపోలేదు. కజకిస్తాన్ వైపు నుంచి చూస్తే ఇందులో ప్రాణభయం ఉంది. ఆ మాట ఊరికే అనడం లేదు.

2022 జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆర్థిక సదస్సు జరిగింది. వేదిక మీద పుతిన్, ఆయన పక్కనే కజకిస్తాన్ అధ్యక్షుడు తోకాయెవ్. ఉక్రెయిన్‌లో రష్యా విడి దేశాలుగా గుర్తించిన దొనెత్‌స్క్, లుహాన్‌స్క్‌లను మీరు గుర్తిస్తారా అని అడిగితే తోకాయెవ్ అక్కడే, పుతిన్ ముఖం మీదే, గుర్తించబోమని చెప్పారు. కొసావో, అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా, తైవాన్ విషయంలో ఏ సూత్రం పాటిస్తున్నామో వీటికీ అదే సూత్రం అన్నారు. కజకిస్తాన్ ఉత్తర జిల్లాల్లో రష్యన్ జనాభా గణనీయంగా ఉంది. "అవి అసలు మావే" అని మాస్కోలో కొందరు నాయకులు అప్పుడప్పుడూ అంటూనే ఉంటారు. అలాంటి దేశం రేపు ఉత్తర సైప్రస్‌ను గుర్తిస్తే, "అది చెల్లితే ఇదీ చెల్లుతుంది" అని రష్యా అనదా? తన ఇంటి గోడను తనే పగలగొట్టుకున్నట్టు అవుతుంది.

ఆ మాటకు ధర ఎంత పడిందో కూడా చూడండి. కజకిస్తాన్ ఎగుమతి చేసే చమురులో దాదాపు 80 శాతం ఒకే పైప్‌లైన్‌లో, రష్యా భూభాగం మీదుగా నొవొరొస్సీస్క్ రేవుకు పోతుంది. తోకాయెవ్ ఆ మాట అన్న మూడు వారాల్లోపే అక్కడి కోర్టు ఒకటి, చమురు ఒలికితే ఏం చెయ్యాలో రాసిన పత్రాలు సరిగ్గా లేవంటూ పైప్‌లైన్‌ను 30 రోజులు ఆపమంది. వారం తిరగకముందే పై కోర్టు దాన్ని రద్దు చేసి 2 లక్షల రూబుళ్ళ జరిమానాతో సరిపెట్టింది. రెండు సంఘటనలకూ సంబంధం ఉందని ఎవరూ అధికారికంగా అనలేదు. కజకిస్తాన్ రాజధాని అస్తానాలో ఎంత టెన్షన్ పడి ఉంటారో మాత్రం ఊహించుకోవచ్చు.


రైలుబండి:

సిరాచుక్క గారూ, మీరు ఒకవైపే చూపిస్తున్నారు. 1991 తర్వాత ఎంత దూరం వచ్చారో కూడా చెప్పాలి కదా. అజర్‌బైజాన్ నుంచి టర్కీకి వెళ్ళే 1,768 కిలోమీటర్ల బాకు–త్బిలిసి–జెయ్‌హాన్ పైప్‌లైన్ 2006 నుంచి రష్యాను తాకకుండా చమురు మోస్తోంది. 2020లో కరబాఖ్ ప్రాంతం కోసం ఆర్మేనియాతో జరిగిన 44 రోజుల యుద్ధంలో అజర్‌బైజాన్ వెనుక టర్కీ నిలబడింది. 2021 జూన్‌లో షూషా ప్రకటనతో ఆ రెండూ అధికారికంగా మిత్రదేశాలయ్యాయి. కజకిస్తాన్ అక్తావ్ రేవు నుంచి ఓడల్లో సరుకు కాస్పియన్ దాటి బాకు చేరి, అక్కడి నుంచి రైలెక్కి జార్జియా మీదుగా టర్కీకి పోతోంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఈ దారికి గిరాకీ బాగా పెరిగింది.

సంస్థ పుట్టింది 2009లో, నఖ్చివాన్ ఒప్పందంతో. అప్పుడు సభ్యులు నలుగురే. 2019లో ఉజ్బెకిస్తాన్ చేరింది. 2021లో ఇస్తాంబుల్‌లో పేరు మార్చుకుని పూర్తి స్థాయి సంస్థ అయింది. పదిహేనేళ్ళ వయసున్న సంస్థ నుంచి మీరు ఇంకా ఏం ఆశిస్తున్నారు?


సిరాచుక్క:

రైలుబండి గారూ, మీరు చెప్పిన దారి నాకూ ఇష్టమే, కాకపోతే కొలత చూడాలి. బాకు–జెయ్‌హాన్ పైప్‌లైన్ ద్వారా కజకిస్తాన్ పంపడానికి ఒప్పందమైంది ఏడాదికి 15 లక్షల టన్నులు. రష్యా మీదుగా పోయేది 5 కోట్ల టన్నుల పైమాటే. మధ్యలో సముద్రం ఒకటుంది. ఓడల్లోకి ఎక్కించాలి, దించాలి. కాస్పియన్ నీటిమట్టం ఏటేటా పడిపోతుంటే అక్తావ్‌లో ఓడలకు లోతు చాలడం లేదు.


ఓష్ డాక్టర్:

అందరికీ నమస్తే. నేను 2016 నుంచి కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్‌లో ఎంబీబీఎస్ చదివాను. మన రెండు రాష్ట్రాల నుంచి చాలామందిమి ఉండేవాళ్ళం. పెద్ద రాజకీయాలు నాకు తెలియవు. వార్డులో చూసింది చెబుతాను.

ఓష్‌లో కిర్గిజ్‌లూ, ఉజ్బెక్‌లూ కలిసి ఉంటారు. తలనొప్పితో వచ్చిన కిర్గిజ్ పేషెంట్ "బాషిమ్ ఊరుప్ జాతత్" అంటుంది. పక్క మంచం మీది ఉజ్బెక్ అవ్వ "బోషిమ్ ఒగ్రియాప్తి" అంటుంది. టర్కీ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన "బాషిమ్ ఆరియోర్" అన్నాడు. మూడింట్లోనూ తల ఒకటే, నొప్పి కూడా మూలంలో ఒకటే మాట. ఓపిగ్గా వింటే ఒకరిది ఒకరికి అర్థమవుతుంది. కానీ కేస్‌షీట్ రాసేది రష్యన్‌లో. సీనియర్ డాక్టర్ రౌండ్స్‌కు వస్తే మాట్లాడేది రష్యన్‌లో. కజకిస్తాన్ నుంచి కాన్ఫరెన్స్‌కు వచ్చినవాళ్ళు, ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళు టీ తాగేటప్పుడు కూడా రష్యన్‌లోనే మాట్లాడుకునేవారు. టర్కీ ఆయన ఒక్కడే ఆ గుంపులో బయటివాడు.

మొదట్లో నాకు వింతగా ఉండేది. తర్వాత అలవాటైంది. నేనూ రష్యనే నేర్చుకున్నాను, కిర్గిజ్ అంతంతమాత్రమే వచ్చింది.


అక్షరమాల:

డాక్టర్ గారూ, చాలా మంచి పోస్ట్. మీరు చెప్పినదానికి లిపి సంగతి కలుపుతాను, ఇది నాకు బాగా ఇష్టమైన విషయం.

క్రిమియాలో ఇస్మాయిల్ గాస్ప్రిన్‌స్కీ అనే టాటార్ పెద్దాయన 1883లో 'తర్జుమాన్' అని పత్రిక పెట్టాడు. తర్జుమా అనే మాట మనకూ తెలుసు కదా, అదే. ఇస్తాంబుల్ పడవవాడి నుంచి తూర్పు తుర్కిస్తాన్ ఒంటెలవాడి దాకా అందరికీ అర్థమయ్యే ఒకే రాత భాష ఉండాలని ఆయన తపన. "భాషలో, భావంలో, పనిలో ఐక్యత" అని నినాదం. అప్పటికి అందరిదీ అరబిక్ లిపే కాబట్టి ఆ కల సాధ్యమే అనిపించింది.

తర్వాత ఏమైందో చూడండి. 1926లో బాకులో పండితులు సభ పెట్టి లాటిన్ లిపి మంచిదన్నారు. 1928లో టర్కీ కూడా లాటిన్‌కు మారింది. ఇక అందరిదీ ఒకే లిపి అనుకునేలోపు, 1940 ప్రాంతంలో సోవియట్ ప్రభుత్వం తన వైపున్న టర్కిక్ భాషలన్నిటినీ రష్యన్ రాసే సిరిలిక్ లిపిలోకి మార్చేసింది. అది కూడా ఒకే సిరిలిక్ కాదు. ఒకే శబ్దానికి ఒక్కో భాషలో ఒక్కో అక్షరం. పదిహేనేళ్ళలో మూడు లిపులు! తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేడు.

1991 తర్వాత అజర్‌బైజాన్, తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్ లాటిన్ అన్నాయి, మళ్ళీ ఎవరి లాటిన్ వాళ్ళదే. ఉజ్బెకిస్తాన్ చట్టం 1993లోనే చేసినా సిరిలిక్ ఇప్పటికీ వాడుకలోనే ఉంది. కజకిస్తాన్ 2017లో మారతామని డిక్రీ ఇచ్చింది, అక్షరాల పట్టిక మీద గొడవలు పడి వాయిదా వేసుకుంటూ పోతోంది. కిర్గిజ్‌స్తాన్ సిరిలిక్‌లోనే ఉంది. 2024 సెప్టెంబర్‌లో బాకులో 34 అక్షరాల ఉమ్మడి వర్ణమాల మీద నిపుణులు ఒప్పుకున్నారు. దాన్ని బడిపుస్తకాల్లోకి తెచ్చే బాధ్యత మాత్రం ఏ దేశానికి ఆ దేశానిదే.

మాటల్లోనూ చిక్కులున్నాయి. 'సుబాయ్' అంటే టర్కీలో సైనికాధికారి, అజర్‌బైజాన్‌లో పెళ్ళికానివాడు. మనం 'అవసరం' అంటే కావలసి ఉండటం, తమిళులకు అదే మాట తొందర.


తుంగభద్ర:

అక్షరమాల గారూ, ఆ తమిళం పోలికతో నాకు ఒక్కసారిగా బుర్రలో దీపం వెలిగింది. మనకూ ఒక ద్రవిడనాడు ఆలోచన ఉండేది కదా. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ఒకే కుటుంబం కాబట్టి ఒకే దేశం కావాలన్నారు. మద్రాసులో ఆ మాట ఎంత గట్టిగా వినిపించినా ఇటు తెలుగువాళ్ళు కదిలిందే లేదు. మనవాళ్ళు అప్పుడు మద్రాసు నుంచి విడిపోవడానికి పోరాడుతున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం తెచ్చుకున్నారు. 1963లో డీఎంకే కూడా ఆ డిమాండ్ వదిలేసింది. కన్ను, కణ్, కణ్ణు అన్నీ ఒకటే అని మనకు తెలుసు. ఆ తెలియడం వల్ల మనసు సంతోషిస్తుంది, సరిహద్దు చెరిగిపోదు.


నల్లమల:

అంత దూరం ఎందుకు? ఒకే భాష మాట్లాడే మనమే 1956లో కలిసి 2014లో విడిపోయాం. నీళ్ళు, నిధులు, నియామకాలు దగ్గర న్యాయం జరగలేదనిపిస్తే భాష ఆపలేదు. వాళ్ళవైతే ఒకే భాష కూడా కాదు, ఒకే కుటుంబం భాషలు.


గోదారి గట్టు:

నల్లమల గారు అన్నదానికి అసలు వేరు ఇంకొకటుంది. నా వరకు ఈ చర్చ మొత్తంలో ముఖ్యమైనది అదే. కాస్త పెద్దగా రాస్తాను, ఓర్చుకోండి.

1992 అక్టోబర్ చివర్లో అంకారాలో మొదటి టర్కిక్ శిఖరాగ్ర సమావేశం జరిగింది. సోవియట్ యూనియన్ పోయి నిండా ఏడాది కాలేదు. టర్కీ అధ్యక్షుడు ఓజల్ ఉమ్మడి మార్కెట్, అభివృద్ధి బ్యాంకు లాంటి పెద్ద పెద్ద ప్రతిపాదనలతో వచ్చారు. "ఆడ్రియాటిక్ సముద్రం నుంచి చైనా గోడ దాకా టర్కిక్ ప్రపంచం" అని టర్కీ నాయకులు మైమరచి మాట్లాడుతున్న కాలం అది. కజకిస్తాన్ అధ్యక్షుడు నజర్‌బాయెవ్ ఒప్పుకోలేదు. జాతి పేరు మీద, మతం పేరు మీద కూటములు కట్టడం మాకు వద్దన్నారు. చివరికి నీళ్ళు కలిపిన పాలలాంటి ప్రకటన ఒకటి వచ్చింది.

ఎందుకో వాళ్ళ చోట నిలబడి ఆలోచించండి. మాస్కోను డెబ్బై ఏళ్ళు పెద్దన్న అని పిలిచారు. గోధుమ ఎంత పండించాలో, పత్తి ఎంత వెయ్యాలో, ఏ లిపిలో రాయాలో పెద్దన్నే చెప్పాడు. ఇప్పుడిప్పుడే వేరు కాపురం పెట్టుకుని, సొంత జెండా, సొంత నోటు, సొంత పాస్‌పోర్టు చూసుకుని మురిసిపోతున్నవాళ్ళ దగ్గరకు ఇంకొకరు వచ్చి "నేనూ మీ అన్ననే, రండి ఉమ్మడిగా ఉందాం" అంటే గుండె గుభేల్‌మంటుంది. ఆ అన్న ఎంత మంచివాడైనా సరే.

మరుసటి ఏడాదే ఉజ్బెకిస్తాన్‌తో బెడిసింది. దేశం విడిచిన ప్రతిపక్ష నేత ముహమ్మద్ సాలిహ్‌ను టర్కీ ఉండనిచ్చిందని ఉజ్బెకిస్తాన్ అధ్యక్షుడు కరిమోవ్‌కు కోపం వచ్చింది. టర్కీలో చదువుకుంటున్న ఉజ్బెక్ పిల్లల్ని వెనక్కి పిలిపించేశారు. కరిమోవ్ 2016లో పోయేదాకా ఆ చేదు పోలేదు. ఉజ్బెకిస్తాన్ 2019లో గానీ సంస్థలో చేరకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. తుర్క్‌మెనిస్తాన్ 1995 డిసెంబర్ 12న ఐక్యరాజ్యసమితి చేతే శాశ్వత తటస్థ దేశంగా గుర్తింపు పొందింది. అందుకే ఇవాళ్టికీ పరిశీలక హోదా దాటి రాలేదు.

ఇంకోటి చెప్పాలి. ఈ దేశాల్లో చాలాచోట్ల అధికారం ఒక మనిషి చుట్టూ, ఆయన కుటుంబం చుట్టూ తిరుగుతుంది. నిజమైన రాజకీయ ఐక్యత అంటే తనకు పైన ఇంకొక కోర్టు, ఇంకొక పార్లమెంటు ఉండటం. దేశంలో తన మాటకు ఎదురులేని అధ్యక్షుడు బయటివాళ్ళకు ఆ అధికారం ఎందుకిస్తాడు? శిఖరాగ్ర సమావేశాలు బాగా జరుగుతాయి, సంతకాలు పడతాయి, కిందికి ఏదీ దిగదు.


రైలుబండి:

గట్టు గారూ, పెద్దన్న మాట నేను ఒప్పుకుంటాను. కానీ 2023 ఫిబ్రవరి భూకంపం గుర్తు తెచ్చుకోండి. టర్కీలో ఇళ్ళు కూలినప్పుడు అజర్‌బైజాన్, ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ రక్షణ బృందాలు వెంటనే వెళ్ళాయి. కిర్గిజ్‌స్తాన్ పెద్ద దేశం కాదు, డబ్బున్న దేశం అసలే కాదు. చలిలో వణుకుతున్నవాళ్ళ కోసం తమ సంప్రదాయ గుడారాలు, అవే యుర్త్‌లు, పంపించింది. గొర్రె ఉన్నితో చేసిన మందపాటి నమదా గోడలు వాటికి. ఆ ఫొటోలు చూసి నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆ అనుబంధం అబద్ధం కాదు.


సిరాచుక్క:

అబద్ధం అని నేనూ అనను రైలుబండి గారూ. ఆపదలో గుడారం పంపడం వేరు, సైన్యం పంపడం వేరు. ఆ తేడా 2022 జనవరిలో కనిపించింది. గ్యాస్ ధర మీద మొదలైన నిరసనలు కజకిస్తాన్ అంతా అంటుకున్నాయి. అల్మాటీలో మేయర్ కార్యాలయం తగలబడింది. టర్కిక్ సంస్థ పేరు మార్చుకుని అప్పటికి రెండు నెలలే. తోకాయెవ్ ఎవరిని పిలిచారు? మాస్కో నడిపే సామూహిక భద్రతా ఒప్పంద సంస్థను. రష్యాతో పాటు బెలారస్, తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, చివరికి ఆర్మేనియా సైనికులు కూడా వచ్చారు. టర్కిక్ సంస్థ సంఘీభావ ప్రకటన ఇచ్చింది. పంపడానికి దానికి సైన్యం లేదు, పంపమని చెప్పే ఒప్పందమూ లేదు.

ఒకసారి లెక్కేసుకోండి. టర్కీ 1952 నుంచి నాటోలో ఉంది. కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ రష్యా భద్రతా కూటమిలోనూ, రష్యా నడిపే ఉమ్మడి సుంకాల కూటమి యురేషియన్ ఆర్థిక సమాఖ్యలోనూ ఉన్నాయి. టర్కీకి యూరప్‌తో కస్టమ్స్ యూనియన్ ఉంది. ఒకే దేశం రెండు సుంకాల గోడల లోపల ఉండలేదు. ఉమ్మడి మార్కెట్ కల అక్కడే ఆగిపోతుంది. దీనికి తోడు కిర్గిజ్, ఉజ్బెక్ కుటుంబాలు లక్షల సంఖ్యలో రష్యాలో కూలికి పోయినవాళ్ళు పంపే డబ్బు మీద బతుకుతున్నాయి. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతో ఇల్లు గడిచే జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు ఆ భయం ఏమిటో చెప్పక్కర్లేదు.


నల్లమల:

చైనా గురించి ఎవరూ రాయలేదు. షిన్‌జియాంగ్‌లోని ఉయ్‌గూర్‌లు కూడా టర్కిక్ ప్రజలే. చైనా వాళ్ళను నిర్బంధించిన శిబిరాల సంగతి లోకానికంతా తెలుసు. తుర్క్‌మెన్ గ్యాస్ కొనేది ఎక్కువగా చైనా, కిర్గిజ్‌స్తాన్ మీదుగా ఉజ్బెకిస్తాన్‌కు రైలు మార్గం వేస్తున్నది చైనా. అందుకే సోదరుల గురించి ఈ ప్రభుత్వాలు నోరు మెదపవు. నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే. ఇంతకంటే రాయలేను.


తుంగభద్ర:

నల్లమల గారూ, మీ బాధ అర్థమైంది. డాక్టర్ గారూ, మీరు ఇంకా ఇక్కడే ఉంటే ఒక మాట అడగాలి. ఓష్‌లో మామూలు జనం ఈ ఐక్యత గురించి ఏమనుకుంటారు?


రైలుబండి:

డాక్టర్ గారు చెప్పేలోపు చిన్న సంగతి. కాస్పియన్ మధ్యలో ఒక చమురు క్షేత్రం కోసం అజర్‌బైజాన్, తుర్క్‌మెనిస్తాన్ సోవియట్ యూనియన్ పోయినప్పటి నుంచీ తగువులాడాయి. ఒకరు క్యాపజ్ అంటే ఒకరు సర్దార్ అన్నారు. 2021 జనవరిలో కలిసి తవ్వుకుందామని ఒప్పందం చేసుకుని దానికి 'దోస్త్‌లుక్' అని పేరు పెట్టారు. మన దోస్తీయే. మూడు దశాబ్దాలు పట్టినా ఆ తగువు తీరింది కదా, అందుకే నేను ఆశ వదులుకోను.


ఓష్ డాక్టర్:

ఇక్కడే ఉన్నాను అండీ. రైలుబండి గారు దోస్త్‌లుక్ అనగానే ఒళ్ళు జలదరించింది. ఓష్ ఊరి చివర ఉజ్బెకిస్తాన్ సరిహద్దు గేటు పేరు 'దోస్తుక్'. అదే మాట, అదే అర్థం.

2010 జూన్‌లో ఓష్‌లో కిర్గిజ్‌లకూ ఉజ్బెక్‌లకూ మధ్య దారుణమైన గొడవలు జరిగాయి. 400 మందికి పైగా చనిపోయారు. నేను వెళ్ళేసరికి ఆరేళ్ళయింది. కాలిన గోడలు అక్కడక్కడా ఇంకా ఉండేవి, ఎవరూ వాటి గురించి మాట్లాడేవారు కాదు. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు భాషలవాళ్ళు అని నేను పుస్తకంలో చదివినదానికీ, ఆ గోడలకూ నా మనసులో పొత్తు కుదరలేదు. సరిహద్దు గీతలు, రిజర్వాయర్ నీళ్ళు ఇప్పటికీ సున్నితమైన విషయాలే. 2022లో కెంపిర్-అబాద్ జలాశయం ఉజ్బెకిస్తాన్‌కు ఇవ్వవద్దన్నందుకు కిర్గిజ్‌స్తాన్‌లో ఇరవై మందికి పైగా అరెస్టు చేశారు.

మా ఇంటి ఓనరు ఉజ్బెక్ పెద్దావిడ. ఆమె చెల్లెలు గేటు అవతల అందిజాన్‌లో ఉండేది, గంట ప్రయాణం. 2010 తర్వాత పెళ్ళికో చావుకో టెలిగ్రామ్ చూపిస్తే గానీ దాటనిచ్చేవారు కాదట. 2017 సెప్టెంబర్‌లో గేటు మళ్ళీ తెరిచారు. ఆ రోజు తెల్లవారుజామున ఆవిడ తందూర్ వెలిగించి రొట్టెలు కాల్చింది. కొన్నిటిని తెల్లటి గుడ్డలో చుట్టింది. మిగిలిన ఒక రొట్టె నా చేతిలో పెట్టి, "నువ్వు ఇంటికి తాళం వేసుకుని కాలేజీకి పో, నేను రాత్రికి రాను" అంది.

తుంగభద్ర గారూ, మీరు అడిగిన ఐక్యత గురించి ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. తిరిగొచ్చాక మాత్రం వారం రోజులు చెల్లెలి మనవళ్ళ గురించే చెప్పింది.